అక్షర రక్షణ - డిస్కుల వ్యూహం

బమ్మెర పోతన పేరుతో ప్రసిద్ధమైన ఆంధ్ర మహాభాగవతంలో పన్నెండు స్కంధాలున్నాయి. అయితే అన్నీ పోతన రచనలు కావు. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించారు. పోతన గ్రంథాన్ని సమగ్రంగానే రచించాడనీ, ఆ తాళపత్ర ప్రతి కొంత శిథిలం కాగా ఈ కవులు పూరించారనీ ఒక ఐతిహ్యం ఉన్నది. దాని సత్యాసత్యాలు ఎలా ఉన్నా, పూరించినవారు సమర్థులే. కథ పూర్తయింది, గ్రంథం నిండింది. కాని నశించినవి నిజంగా పోతన పలుకులే అయితే అవి మాత్రం తిరిగి రాలేదు. పోయినదానికి బదులు మరొకటి సమకూర్చుకోవడం వేరు, పోయినదానినే అక్షరం పొల్లుపోకుండా తిరిగి పొందడం వేరు. ఈ రెండవది సాధ్యమా అన్న ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రం చెప్పిన సమాధానాలలో ఒకటి డిస్కుల వ్యూహం.

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులకు ఇటువంటి విద్య కొంత తెలుసు. ఒక ఉత్పలమాల పద్యంలో మూడవ పాదంలోని రెండవ అక్షరాన్ని పురుగు తొలిచిందనుకుందాం. మిగిలిన మూడు పాదాలలోని రెండవ అక్షరాలను చూస్తే ప్రాస నియమాన్ని బట్టి పోయిన హల్లు ఏదో తెలుస్తుంది. ఉత్పలమాల మొదటి గణం భగణం కాబట్టి ఆ అక్షరం లఘువని తెలుస్తుంది. ఇక అచ్చు ఒక్కటి అర్థసందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. వచనంలో ఈ సౌకర్యం లేదు. పద్యం తన అక్షరాల గురించి తానే అదనంగా కొంత సాక్ష్యం మోస్తూ ఉంటుంది, ఆ సాక్ష్యమే ఆపదలో దానిని ఆదుకొంటుంది. అలంకారశాస్త్రంలో పునరుక్తి ఒక దోషం. చెప్పినదానినే మళ్ళీ చెప్పడాన్ని లాక్షణికులు హర్షించరు. సమాచార రక్షణలో మాత్రం ఆ దోషమే గుణం. అయితే పునరుక్తిని ఎంత పొదుపుగా వాడుకోవాలన్న దగ్గరే అసలు నేర్పంతా ఉన్నది.

కంప్యూటర్‌లో సమాచారాన్ని నిలిపి ఉంచే సాధనాలలో హార్డ్ డిస్కు ముఖ్యమైనది. అయస్కాంత పదార్థం పూత పూసిన గుండ్రని పళ్ళేలు ఒక ఇరుసు మీద గిరగిర తిరుగుతుంటాయి. చాలా డిస్కులలో ఈ భ్రమణం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు. చదవడానికీ వ్రాయడానికీ ఉపయోగపడే హెడ్ అనే సూక్ష్మ పరికరం పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యవ వంతు కూడా లేని ఎత్తున తేలుతూ ఉంటుంది. 1956లో ఐబీఎం సంస్థ రూపొందించిన తొలి డిస్కు యంత్రంలో 50 పళ్ళేలుండేవి, వాటన్నిటి మీదా కలిపి పట్టినవి 50 లక్షల అక్షరాలు. నేటి డిస్కు అరచేతిలో ఇముడుతుంది, దానిలో ఒక గ్రంథాలయమే ఇముడుతుంది. పరిమాణం మారినా స్వభావం మారలేదు. తిరిగే యంత్రం ఎప్పటికైనా అరుగుతుంది. ఇరుసు బిగుసుకుపోవచ్చు, మోటారు ఆగిపోవచ్చు, హెడ్ తూలి పళ్ళేన్ని గీకి పూతనే చెరిపివేయవచ్చు. కదిలే భాగాలు లేని నేటి ఘనస్థితి డిస్కులు సైతం చిరంజీవులు కావు.

బ్యాంకులో ఒక వృద్ధురాలి పొదుపు ఖాతాలో ఎంత సొమ్ము ఉన్నదన్న సంగతి ఈనాడు సిరాతో వ్రాసిన లెడ్జర్లలో లేదు. రైలులో ఏ బెర్తు ఎవరిదో, పరీక్షలో ఎవరికెన్ని మార్కులో, ఆసుపత్రిలో ఏ రోగికి ఏ మందు పడదో, ఇవన్నీ డిస్కుల మీది చిహ్నాలే. ఆ చిహ్నాలు చెరిగితే మనుషుల చేతిలో రుజువు మిగలదు.

1980 దశకంలో ఈ సమస్య కొత్త రూపంలో ఎదురైంది. అప్పటికి పెద్ద సంస్థలు వాడే భారీ డిస్కులు ఒకవైపు, వ్యక్తిగత కంప్యూటర్ల కోసం తయారయ్యే చౌక డిస్కులు మరొకవైపు ఉండేవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలోని ఆచార్యులు డేవిడ్ ప్యాటర్సన్, ర్యాండీ కాట్జ్, వారి పరిశోధక విద్యార్థి గార్త్ గిబ్సన్ ఈ రెండింటినీ పోల్చి చూశారు. 1988లో షికాగోలో జరిగిన సదస్సుకు వారు సమర్పించిన పత్రంలో ఐబీఎం 3380 అనే భారీ డిస్కు సామర్థ్యం 7,500 మెగాబైట్లు, కానర్ సంస్థ చిన్న డిస్కు సామర్థ్యం 100 మెగాబైట్లు. ఒక్క పెద్ద డిస్కుకు బదులు అనేక చిన్న డిస్కులను కలిపి పనిచేయిస్తే ఖర్చు తగ్గుతుంది, పని వేగం పెరుగుతుంది. ఒక బండను ఒక్కడు మోయడం కన్న పదిమంది పట్టుకోవడం మేలు కదా అన్నది వారి ఆలోచన.

కాని పదిమందిలో ఒక్కడు కాలు జారినా బండ పడిపోతుందంటే పదిమంది ఉండడమే ప్రమాదం. ఆ పత్రంలోని అతి విలువైన లెక్క ఇదే. చిన్న డిస్కు సగటున 30,000 గంటలు, అంటే మూడు సంవత్సరాలకు పైగా చెడకుండా పనిచేస్తుంది. అటువంటివి 100 కలిపితే వాటిలో ఏదో ఒకటి చెడిపోవడానికి పట్టే సగటు కాలం 30,000ను 100తో భాగించగా వచ్చే 300 గంటలు మాత్రమే. అది రెండు వారాల కన్న తక్కువ. రెండు వారాలకొకసారి సమాచారం పోగొట్టుకొనే యంత్రాన్ని ఎంత చౌకగా ఇచ్చినా ఎవరు కొంటారు?

డిస్కు చెడకుండా చేయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి డిస్కు చెడినా సమాచారం చెడకుండా చేయాలన్నది వారి నిర్ణయం. వారు ఈ కూర్పుకు రెయిడ్ అని పేరు పెట్టారు. ఆ సంక్షేపంలోని ఒక అక్షరం మొదట ‘చౌక’ అన్న అర్థాన్ని ఇచ్చేది. తరువాత వీటిని తయారుచేసి అమ్మిన సంస్థలు దానిని ‘స్వతంత్ర’ అన్న అర్థానికి మార్చుకొన్నాయి. తమ సరుకును చౌక అని పిలుచుకోవడం వర్తకులకు రుచించకపోవడంలో వింత లేదు. రెయిడ్‌లోని మరొక అక్షరానికి మూలమైన ‘అరే’ అనే ఆంగ్ల పదానికి సైన్యాన్ని బారులు తీర్చడం అన్న అర్థమూ ఉన్నది. తెలుగులో దానికి వ్యూహం కన్న తగిన మాట లేదు. ఒక యోధుడు పడితే ఆ స్థానం ఖాళీగా కనిపించకుండా మిగిలినవారు కమ్ముకోవడమే వ్యూహ లక్షణం. ఈ భావాలన్నీ ఆ ముగ్గురితోనే పుట్టినవి కావు. చెడిన డిస్కులోని సమాచారాన్ని తిరిగి రాబట్టే పద్ధతికి ఐబీఎంలోని నార్మన్ ఔచీ 1978లోనే పేటెంటు పొందాడు. చెల్లాచెదరుగా ఉన్న పద్ధతులను అంతస్తులుగా వర్గీకరించి, ఒకదానితో ఒకటి తూచి చూపడం బర్క్‌లీ పరిశోధకుల ఘనత.

అన్నిటికన్న సులభమైనది బింబ ప్రతిబింబ పద్ధతి. ఒక డిస్కులో వ్రాసిన ప్రతి అక్షరాన్నీ అదే క్షణంలో రెండవ డిస్కులోనూ వ్రాస్తారు. ఒకటి చెడితే రెండవది ఉన్నది. దీనిని రెయిడ్ 1 అంటారు. ఇది భద్రమే కాని ఖరీదైనది. రెండు డిస్కులు కొని ఒక డిస్కు ప్రయోజనమే పొందినట్లవుతుంది. ఇది పునరుక్తి, అయితే పొదుపులేని పునరుక్తి.

పొదుపైన పునరుక్తికి ఆధారం సరి, బేసి సంఖ్యల లెక్క. కంప్యూటర్ భాషలో ఏ సమాచారమైనా 1, 0 అనే రెండు గుర్తుల వరుసే. మూడు డిస్కులలో సమాచారం ఉన్నదనుకుందాం. నాలుగవ డిస్కును సాక్షిగా నిలుపుదాం. ఒకే స్థానంలో మొదటి డిస్కులో 1, రెండవదానిలో 1, మూడవదానిలో 1 ఉన్నాయి. మొత్తం మూడు ఒకట్లు, అది బేసి సంఖ్య. నాలుగూ కలిపి ఒకట్లు సరిసంఖ్యలో ఉండాలన్నది నియమం. కాబట్టి సాక్షి డిస్కులో 1 వ్రాస్తారు. ఆ పక్క స్థానంలో వరుసగా 1, 0, 1 ఉన్నాయి. ఒకట్లు రెండు, అప్పటికే సరిసంఖ్య. అందువల్ల సాక్షి డిస్కులో 0 వ్రాస్తారు. ఇలా ప్రతి స్థానానికీ ఒక గుర్తు. దీనికి పారిటీ అని పేరు.

ఇప్పుడు రెండవ డిస్కు హఠాత్తుగా చెడిపోయింది. మొదటి స్థానంలో మిగిలినవి 1, 1, సాక్షి చెప్పిన 1. మొత్తం మూడు, అది బేసి. సరి కావాలంటే పోయినది 1 అయి ఉండాలి. రెండవ స్థానంలో మిగిలినవి 1, 1, సాక్షి చెప్పిన 0. మొత్తం రెండు, అప్పటికే సరి. కాబట్టి పోయినది 0. ఇక్కడ ఊహకు తావు లేదు, అర్థసందర్భంతో పని లేదు. ప్రాసను బట్టి హల్లును గుర్తించిన పండితుడు అచ్చు దగ్గర ఆగి ఆలోచించవలసి వచ్చింది. సరిబేసి లెక్కకు ఆ సందిగ్ధం లేదు. ఏ డిస్కు చెడిందో తెలిస్తే చాలు, దానిలోని ప్రతి గుర్తూ తిరిగి వస్తుంది. పారిటీ డిస్కు తనంతట తాను చూస్తే అర్థం లేని 1, 0ల గుంపు. అది ఏ డిస్కుకూ నకలు కాదు. అయినా ఏ డిస్కు పోయినా దాని స్థానాన్ని భర్తీ చేయడానికి తోడ్పడుతుంది. మూడు డిస్కులకు మూడు నకళ్ళు అవసరం లేకుండా ఒక్క సాక్షితో పని జరిగింది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. ఏ డిస్కులో ఏ మార్పు జరిగినా సాక్షిని కూడా తిరగవ్రాయాలి. దానివల్ల పని భారమంతా పారిటీ డిస్కు మీదనే పడుతుంది. అందుకని పారిటీని ఒకచోట ఉంచక, కొంత కొంతగా అన్ని డిస్కుల మీదా పంచే ఏర్పాటు వచ్చింది. అదే రెయిడ్ 5. అయినా చిన్న మార్పుకు సైతం పాత సమాచారాన్నీ పాత పారిటీనీ చదవడం, కొత్త సమాచారాన్నీ కొత్త పారిటీనీ వ్రాయడం, మొత్తం నాలుగు పనులు తప్పవు. తరువాతి కాలంలో రెండు డిస్కులు ఒకేసారి చెడినా తట్టుకొనే రెయిడ్ 6 వాడుకలోకి వచ్చింది. తెలియని రాశులు రెండుంటే సమీకరణాలు రెండు కావాలని బీజగణితం చదివినవారికి తెలుసు. రెయిడ్ 6లో భిన్నమైన రెండు లెక్కలతో రెండు సూచికలు వ్రాసి ఉంచడం అందుకే. ఇక రెయిడ్ 0 అనే పేరు వినిపిస్తుంది. అది సమాచారాన్ని డిస్కులన్నిటి మీదా పరచి వేగం సాధిస్తుందే తప్ప దానిలో రక్షణ శూన్యం. పేరులోని సున్న సార్థకమే.

ఈ లెక్కలన్నీ ఎవరు చేయాలి? కంప్యూటర్ తన సాధారణ ప్రోగ్రాములతోనే చేయవచ్చు. పెద్ద సర్వర్లలో చాలాకాలంగా ఇందుకు ప్రత్యేకంగా ఒక నియంత్రక కార్డు అమరుస్తున్నారు. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉంటాయి. లోపల ఎనిమిది డిస్కులున్నా పదహారున్నా అది కంప్యూటర్‌కు ఒకే ఒక పెద్ద డిస్కును చూపుతుంది. ఏ ముక్క ఏ డిస్కులో ఉన్నదో, పారిటీ ఎక్కడ ఉన్నదో దానికే ఎరుక. సమాచారం రాగానే తన మెమరీలో ఉంచుకొని ‘అందింది’ అని బదులిస్తుంది, ఆపైన తీరిక చూసి డిస్కుల మీద వ్రాస్తుంది. వేగానికి కారణం ఇదే, ప్రమాదానికి కారణమూ ఇదే. బదులిచ్చిన తరువాత, వ్రాయడానికి ముందు విద్యుత్తు పోతే? సమాచారం డిస్కు చేరి, పారిటీ చేరకముందే పోతే సాక్షి చెప్పేది అబద్ధమవుతుంది. అందుకని మంచి కార్డులకు చిన్న బ్యాటరీ ఉంటుంది. విద్యుత్తు వచ్చేవరకు అది మెమరీకి ప్రాణం నిలుపుతుంది. తరువాతి కార్డులలో బ్యాటరీకి బదులు కెపాసిటర్, దానికి తోడు ఫ్లాష్ మెమరీ వచ్చాయి. వేసవి విద్యుత్ కోతలు ఎరిగిన ప్రాంతాలవారికి ఈ ఏర్పాటు విలువ విడమరచి చెప్పనవసరం లేదు. ఆ బ్యాటరీ పాతబడిందన్న హెచ్చరికను నెలల తరబడి పట్టించుకోని కార్యాలయాలు మాత్రం తక్కువ కాదు.

డిస్కు చెడినప్పుడు కార్డు హెచ్చరిక చేస్తుంది. ఆ డిస్కు ముందున్న దీపం రంగు మారుతుంది. వ్యూహంలో ముందుగానే ఒక ఖాళీ డిస్కును సిద్ధంగా ఉంచితే, మనిషి వచ్చేదాకా ఆగకుండా కార్డు దానిపై పునర్నిర్మాణం మొదలుపెడుతుంది. యంత్రాన్ని ఆపకుండానే చెడిన డిస్కును బయటికి లాగి కొత్తది అమర్చవచ్చు. బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడిన ఖాతాదారుకు ఇదేదీ తెలియదు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మనిషిదే. తొందరలో చెడినదానిని వదిలి పక్కనున్న మంచి డిస్కును లాగితే రెయిడ్ 5 వ్యూహం అక్కడికక్కడే కూలుతుంది. నియంత్రక కార్డే చెడిపోయే అవకాశమూ ఉన్నది. డిస్కులన్నీ క్షేమంగా ఉన్నా, అమరిక రహస్యం తెలిసిన అటువంటి కార్డే దొరికేదాకా వాటిలోని సమాచారం చదవడం కష్టం. ఒక్క సంస్థ కార్డుకు కట్టుబడకుండా ప్రోగ్రాములతోనే ఈ పని నడపాలని అనేకులు తరువాత మొగ్గు చూపడానికి ఇది ఒక కారణం.

పునర్నిర్మాణ సమయమే అసలు పరీక్షా సమయం. పోయిన ఒక్క డిస్కును రాబట్టడానికి మిగిలిన డిస్కులన్నిటినీ ఆద్యంతం చదవాలి. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపితే లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుంది. రోజువారీ పని కూడా సాగుతూ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ వ్యవధిలో మరొక డిస్కు చెడితే రెయిడ్ 5 చేయగలిగింది లేదు. పూర్తిగా చెడనక్కరలేదు, ఒక చిన్న భాగం చదవరాకపోయినా అంతమేరకు లోపమే. సాధారణ డిస్కుల విషయంలో కోటి కోట్ల బిట్లు చదివితే చదవరాని చోటు ఒకటికి మించదని తయారీదారులు ప్రకటిస్తూ వచ్చారు. కోటి కోట్లంటే అంతులేని సంఖ్య అనిపిస్తుంది. లెక్క వేస్తే అది పన్నెండున్నర టెరాబైట్లు మాత్రమే. నేటి పెద్ద డిస్కు ఒక్కటే అంతకన్న ఎక్కువ. పెద్ద డిస్కులున్న చోట రెయిడ్ 6 వైపు మొగ్గడానికీ, తీరిక వేళల్లో డిస్కులను మొదటినుంచి చివరిదాకా చదివించి లోపాలను ముందే పసిగట్టే పద్ధతికీ కారణం ఈ లెక్కే.

మరొక సంగతి 2007లో బయటపడింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బియాంకా ష్రోడర్, ఒకప్పటి బర్క్‌లీ విద్యార్థి గార్త్ గిబ్సన్ కలిసి దాదాపు లక్ష డిస్కుల చరిత్రను పరిశీలించారు. తయారీదారుల పత్రాల ప్రకారం ఏడాదికి నూటికి ఒక్కటి కూడా చెడకూడదు. వాస్తవంగా నూటికి రెండు నుంచి నాలుగు మార్చవలసి రావడం సాధారణమని, కొన్నిచోట్ల 13 దాకా మార్చారని వారు గుర్తించారు. అంతకన్న ముఖ్యమైనది, డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడతాయన్న ఊహ నిలవలేదు. ఒకటి చెడిన తరువాత స్వల్పకాలంలో మరొకటి చెడడం ఊహించినదానికన్న ఎక్కువగా కనిపించింది. ఇరవై ఏళ్ళనాటి తమ లెక్కకు ఆధారమైన ఊహను ఆ ముగ్గురిలో ఒకరే పరీక్షకు పెట్టడం పరిశోధకుల నిజాయితీకి నిదర్శనం. ఒకే రోజున ఒకే కర్మాగారం నుంచి వచ్చిన డిస్కులన్నిటినీ ఒకే వ్యూహంలో పెట్టకూడదని జాగ్రత్తపరులు చెప్పే మాటకు దీనివల్ల బలం చేకూరింది.

ఇంత చేసినా డిస్కుల వ్యూహం కాపాడేది ఒక్క డిస్కు వైఫల్యం నుంచి మాత్రమే. లేఖకుడు తాళపత్రం మీద తప్పు వ్రాస్తే, దానిని చూసి వ్రాసిన నూరు ప్రతులూ ఆ తప్పునే మోస్తాయి. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి పండితులచేత సరిచూయించడానికి కారణం అవి ఒకేచోట పుట్టిన నకళ్ళు కాకపోవడమే. బింబ ప్రతిబింబ పద్ధతిలోని రెండు డిస్కులకు ఆ స్వాతంత్ర్యం లేదు. ఒకదానిలో చెరిపినది రెండవదానిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. జర్నల్‌స్పేస్ అనే అమెరికా వెబ్‌సైటులో వేలాదిమంది ఆరేళ్ళపాటు తమ దినచర్యలు వ్రాసుకొన్నారు. దాని నిర్వాహకులు ప్రతిబింబ డిస్కునే రక్షణ ప్రతిగా భావించారు, వేరే ప్రతి తీయలేదు. సమాచారం మీద మరేదో వ్రాయబడి చెరిగిపోగా, రెండు డిస్కులూ యంత్రాలుగా క్షేమంగా ఉండి కూడా అక్షరాలు దక్కలేదు. 2009 జనవరిలో ఆ వెబ్‌సైటు మూతపడింది.

నిప్పుకు సరిబేసి లెక్కలు తెలియవు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఒక సమాచార నిల్వ కేంద్రపు భవనం పూర్తిగా కాలిపోయింది. డిస్కులు, వాటి ప్రతిబింబాలు, సిద్ధంగా ఉంచిన ఖాళీ డిస్కులు, నియంత్రక కార్డులు, వాటి బ్యాటరీలు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. మరొక ఊళ్ళో ప్రతి ఉంచుకొన్న ఖాతాదారులు కొద్ది రోజులలో పనులు ప్రారంభించుకోగలిగారు. రక్షణ ప్రతిని కూడా ఆ ప్రాంగణంలోనే ఉంచుకొన్నవారిలో కొందరికి తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలలేదు.